పేటెంట్ ఎవరి సొత్తు? కనిపెట్టినవారిదా, జీతం ఇచ్చినవారిదా, కాగితం మీద పేరున్నవారిదా?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో సాంచాల చప్పుడు మధ్య తెలుగు మాట వినిపించడం కొత్తేమీ కాదు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు దశాబ్దాలుగా బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్తున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. 2017లో వరంగల్ జిల్లాలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భీవండి, షోలాపూర్‌లకు వలస వెళ్లిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని లక్ష్యాల్లో ఒకటని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది.

ఈ కార్మికుల్లో సాంచాలు నడిపేవాళ్లే కాదు, వాటిని బాగుచేసే జాబర్లు కూడా ఉన్నారు. సాంచా ఎందుకు ఆగింది, దారం ఎక్కడ తెగుతోంది, ఏ భాగం త్వరగా అరిగిపోతోంది అనేది వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అలాంటి ఒక జాబర్ దారం తెగడాన్ని బాగా తగ్గించే ఒక చిన్న పరికరం తయారు చేశాడనుకుందాం. ఇనుము, మోటారు సేఠ్ కొనిచ్చాడు. పని జరిగింది సేఠ్ షెడ్డులో. దానికి పేటెంట్ తీసుకుంటే అది ఎవరిది అవుతుంది?

'సేఠ్‌దే' అని చాలామంది అనుకుంటారు. 'కనిపెట్టినవాడిదే' అని మరికొందరు అంటారు. భారత పేటెంట్ చట్టం ఇచ్చే సమాధానం ఈ రెండింటికీ కాస్త భిన్నంగా ఉంటుంది. హక్కు పుట్టేది కనిపెట్టిన మనిషి దగ్గరే. కానీ అది అతని దగ్గరే ఉంటుందా, చేతులు మారుతుందా అనేది అతను సంతకం పెట్టిన కాగితాల మీద ఆధారపడి ఉంటుంది.

ఆవిష్కర్త వేరు, యజమాని వేరు

పేటెంట్ పత్రంలో రెండు రకాల పేర్లు ఉంటాయి. ఒకటి ఆవిష్కర్త పేరు. ఆ ఆలోచన ఎవరిదో, దాన్ని పనిచేసే రూపానికి తెచ్చింది ఎవరో వారి పేరు అది. రెండోది పేటెంటీ, అంటే హక్కుదారు పేరు. ఇతరులను ఆ వస్తువు తయారు చేయకుండా, వాడకుండా, అమ్మకుండా ఆపే హక్కు రెండోవారికే ఉంటుంది.

ఆవిష్కర్త ఎప్పుడూ మనిషే. ఆవిష్కర్త పేరు మారదు. పేటెంటీ మాత్రం మనిషి కావచ్చు, కంపెనీ కావచ్చు, విశ్వవిద్యాలయం కావచ్చు, ప్రభుత్వం కావచ్చు. ఆ పేరు ఎన్నిసార్లయినా మారవచ్చు.

పేటెంట్‌లో ఆవిష్కర్తగా తన పేరు రాయమని అడిగే హక్కు చట్టంలోని 28వ సెక్షన్ ఇస్తోంది. అయితే ఆ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది. అలా పేరు రాసినంత మాత్రాన పేటెంట్ మీద కొత్తగా హక్కులేవీ రావు, ఉన్నవి పోవు. 'నీ పేరు కూడా వేయించాను కదా' అని ఎవరైనా అంటే, ఆ పేరు ఏ గడిలో వేశారన్నది చూసుకోవాలి. ఆవిష్కర్త గడిలో ఉంటే గుర్తింపు వస్తుంది. దరఖాస్తుదారు గడిలో ఉంటేనే ఆస్తి అవుతుంది.

తెలుగువారికి బాగా తెలిసిన ఒక పేరు ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆ కాలంలోనే అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలుగు చూసింది. 1949లో వచ్చిన దాని అమెరికా పేటెంట్‌లో ఆవిష్కర్తగా బెంజమిన్ డగ్గర్ పేరు ఉంది. హక్కుదారు మాత్రం లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సయనమిడ్. ఆవిష్కర్త పేరు ఒకచోట, ఆస్తి మరొకచోట ఉండటం అప్పటికే మామూలు విషయం.

దరఖాస్తు ఎవరు చేయొచ్చు?

పేటెంట్ చట్టం, 1970లోని 6వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు చేసే అర్హత ముగ్గురికే ఉంది. ఒకరు అసలైన, తొలి ఆవిష్కర్త. రెండోవారు ఆ ఆవిష్కర్త నుంచి హక్కు రాయించుకున్నవారు. మూడోవారు, చనిపోయిన ఆవిష్కర్త లేదా హక్కుదారుకు చట్టబద్ధమైన వారసులు.

'అసలైన, తొలి ఆవిష్కర్త' అనే మాటను చట్టం మరింత బిగించింది. విదేశాల నుంచి ఒక ఆవిష్కరణను మొదటిసారి దేశానికి తెచ్చినవారు ఆవిష్కర్త కారు. విదేశంలో ఉన్నవారు ఆ సంగతి మొదట ఎవరికి చెప్పారో వారు కూడా కారు. చైనా నుంచి వచ్చిన యంత్రాలు విరివిగా తిరిగే సూరత్‌లో ఇది ముఖ్యమైన నిబంధన. బయటి నుంచి యంత్రాన్ని ముందుగా తెప్పించిన వ్యాపారి దాన్ని తన ఆవిష్కరణగా చూపించి ఇక్కడ పేటెంట్ అడగడానికి వీల్లేదు.

డబ్బు పెట్టినవారి సంగతేమిటి? దీనికి 1960లోనే మైసూర్ హైకోర్టు సమాధానం చెప్పింది. వీబీ మహమ్మద్ ఇబ్రహీం వర్సెస్ ఆల్ఫ్రెడ్ షాఫ్రానెక్ కేసులో, కేవలం పెట్టుబడి పెట్టిన భాగస్వామి ఆవిష్కర్త కాలేరని తేల్చింది. అది 1970 చట్టానికి ముందు నాటి తీర్పే అయినా, ఆవిష్కర్త ఎవరన్న చర్చ వచ్చినప్పుడు ఇప్పటికీ దాన్ని ప్రస్తావిస్తుంటారు. ఇనుము, మోటారు కొనిచ్చిన సేఠ్‌కు లెక్కల్లో వాటా ఉండొచ్చు. ఆ ఖర్చుతోనే ఆయన ఆవిష్కర్త అయిపోరు.

'జీతం నేనిస్తున్నా, కాబట్టి నాదే' అంటే చెల్లుతుందా?

ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. దానికి కారణం, పక్కపక్కనే ఉండే మూడు చట్టాలు మూడు రకాలుగా చెప్పడం.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. సాఫ్ట్‌వేర్ కోడ్ కూడా దీని కిందికే వస్తుంది. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం డబ్బిచ్చి ఒకరితో డిజైన్ గీయించుకుంటే, గీయించుకున్నవారే దాని హక్కుదారు. సూరత్ చీరల ప్రింట్లకు వర్తించేది ఎక్కువగా ఈ చట్టమే.

పేటెంట్ చట్టంలో అలాంటి వాక్యం లేదు. ఉద్యోగి కనిపెట్టింది దానంతటదే యజమానిది అవుతుందని ఈ చట్టం ఎక్కడా చెప్పదు. అందుకే కంపెనీలు నియామక పత్రంలోనే 'ఉద్యోగంలో ఉండగా చేసే ఆవిష్కరణలన్నీ కంపెనీకే చెందుతాయి' అనే షరతు పెడతాయి. ఐటీ, ఫార్మా కంపెనీల్లో చేరిన ప్రతి తెలుగు కుర్రాడూ, అమ్మాయీ మొదటిరోజు సంతకం చేసే కాగితాల కట్టలో ఇది ఉంటుంది. చదివేవాళ్లు తక్కువ.

రాతపూర్వక షరతు లేనప్పుడు, ఆ వ్యక్తిని ఏ పనికి పెట్టుకున్నారు, కనిపెట్టడం అతని విధుల్లో భాగమా అనేవి వివాదంలో కీలకమవుతాయి. కొత్త యంత్రాలు రూపొందించడానికే పెట్టుకున్న ఇంజినీరుకూ, సాంచాలు బాగుచేయడానికి పెట్టుకున్న జాబర్‌కూ మధ్య తేడా ఉంది. నియామక పత్రమే లేకుండా నోటిమాట మీద నడిచే చిన్న షెడ్లలో ఈ ప్రశ్న మరింత చిక్కుముడి అవుతుంది. ఒప్పందం లేకపోవడం కొన్నిసార్లు కార్మికుడికే అనుకూలం కావచ్చు. కానీ దాన్ని నిరూపించుకోవడానికి అతని దగ్గర ఆధారాలు ఉండాలి.

ఇతర దేశాలు ఈ చిక్కును రకరకాలుగా పరిష్కరించుకున్నాయి. జర్మనీలో ఉద్యోగుల ఆవిష్కరణల కోసం 1957 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. యజమాని ఆవిష్కరణను తీసుకుంటే ఉద్యోగికి పరిహారం ఇవ్వాలి. జపాన్‌లో నీలి ఎల్‌ఈడీని అభివృద్ధి చేసిన షూజీ నకమురా తన పాత కంపెనీ నిచియాపై కోర్టుకు వెళ్లారు. 2004లో టోక్యో జిల్లా కోర్టు ఆయనకు 2,000 కోట్ల యెన్‌లు చెల్లించాలని చెప్పింది. మరుసటి ఏడాది అప్పీలు దశలో సుమారు 84 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. 2014లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అమెరికాలో 2011 నాటి స్టాన్‌ఫర్డ్ వర్సెస్ రోష్ కేసు అక్కడి తెలుగు ఇంజినీర్లు, పరిశోధకులు తెలుసుకోదగ్గది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు ఒకరు విశ్వవిద్యాలయంతో 'హక్కు రాసిస్తాను' అనే ఒప్పందం మీద సంతకం చేశారు. తర్వాత పరిశోధన కోసం సీటస్ అనే కంపెనీకి వెళ్లినప్పుడు 'ఇందుమూలంగా రాసిస్తున్నాను' అనే కాగితం మీద సంతకం పెట్టారు. మొదటిది భవిష్యత్తులో ఇస్తానన్న మాట. రెండోది అప్పటికప్పుడు ఇచ్చేయడం. సీటస్ హక్కులను ఆ తర్వాత కొనుక్కున్న రోష్‌కే ఆ తేడా కలిసొచ్చింది. ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన అయినా సరే, ఆవిష్కరణ మొదట ఆవిష్కర్తకే చెందుతుందని అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసులో స్పష్టం చేసింది.

ఆసు యంత్రం చెప్పే పాఠం

నేత కుటుంబం నుంచి వచ్చిన ఆవిష్కర్త తన పేరిటే పేటెంట్ పొందడం సాధ్యమేనా? సాధ్యమేనని చూపించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపేశారు. పోచంపల్లి పట్టుచీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ దాదాపు 9 వేల సార్లు తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. 1999లో అది పూర్తయింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. హైదరాబాద్‌కు చెందిన పల్లె సృజన సంస్థ ఆయన కృషిని వెలుగులోకి తెచ్చింది. గుజరాత్‌లోని గాంధీనగర్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండగా నిలిచింది. 2011లో పేటెంట్ వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పని చేసే తీరులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఒక ఆవిష్కరణ వివరాలను ఎవరికైనా చెప్పే ముందు, దాన్ని ఎలా వాడుకోవచ్చు అన్నదానిపై ఆవిష్కర్త నుంచి ముందస్తు అంగీకారం తీసుకుంటుంది. సాయం చేసేవారు ఎవరైనా, హక్కు ఎవరి పేరిట ఉంటుందో ముందే కాగితం మీద తేల్చుకోవడం ఇందులోని కీలకం. సూరత్ నుంచి గాంధీనగర్ ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు.

ఇద్దరు ముగ్గురి పేరిట ఉంటే?

జాబర్, సేఠ్ కలిసి ఇద్దరి పేరిటా దరఖాస్తు చేశారనుకుందాం. వేరే ఒప్పందం లేకపోతే ఇద్దరికీ సమాన వాటా అని 50వ సెక్షన్ చెబుతోంది. ఇది వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ తర్వాతి నిబంధనలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

సహ యజమానుల్లో ఎవరైనా ఆ ఆవిష్కరణను సొంతంగా వాడుకుని లాభం పొందవచ్చు. రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. కానీ మూడో వ్యక్తికి లైసెన్స్ ఇవ్వాలన్నా, తన వాటా అమ్ముకోవాలన్నా రెండోవారి అంగీకారం ఉండాలి.

దీని అర్థం ఏమిటి? సేఠ్‌కు వంద సాంచాలు ఉంటే, వంద సాంచాలకూ ఆ పరికరం బిగించుకుని లాభం చూసుకోవచ్చు. జాబర్‌కు ఒక్క సాంచా కూడా లేదు. అతనికి ఆదాయం రావాలంటే ఇతరులకు లైసెన్స్ ఇవ్వాలి. దానికి సేఠ్ ఒప్పుకోవాలి. కాగితం మీద సగం సగం. ఆచరణలో మాత్రం యంత్రాలున్న వారిదే పైచేయి. అందుకే ఉమ్మడి పేటెంట్‌కు ముందే విడిగా ఒప్పందం రాసుకోవాలి. ఎవరు వాడుకుంటే ఎవరికెంత, లైసెన్స్ ఎవరు ఇవ్వొచ్చు, వార్షిక రుసుము ఎవరు కట్టాలి అనేవన్నీ అందులో ఉండాలి. సహ యజమానుల మధ్య పేచీ వస్తే 51వ సెక్షన్ కింద పేటెంట్ కంట్రోలర్‌ను ఆశ్రయించవచ్చు.

అమెరికాలో ఈ నియమం వేరు. అక్కడ ఒక సహ యజమాని రెండోవారిని అడగకుండానే లైసెన్స్ ఇవ్వగలరు. ఒకే ఆవిష్కరణకు రెండు దేశాల్లో పేటెంట్ ఉంటే, ఏ దేశపు పేటెంట్‌కు ఆ దేశపు నియమమే వర్తిస్తుంది.

యాజమాన్యం ఎలా చేతులు మారుతుంది?

పేటెంట్ యాజమాన్యం ప్రధానంగా నాలుగు దారుల్లో మారుతుంది.

మొదటిది అసైన్‌మెంట్, అంటే పూర్తిగా రాసివ్వడం. ఇల్లు అమ్మినట్టే. అమ్మాక పాత యజమానికి ఆ పేటెంట్ మీద హక్కు ఉండదు. తన ఆవిష్కరణనే తాను తయారు చేసి అమ్మాలన్నా కొత్త యజమాని అనుమతి కావాలి.

రెండోది వారసత్వం. పేటెంటీ చనిపోతే, చరాస్తి ఎలా సంక్రమిస్తుందో పేటెంట్ కూడా అలాగే వారసులకు వెళ్తుంది. పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఆవిష్కర్త మధ్యలో చనిపోయినా మిగిలిన ఏళ్ల హక్కు కుటుంబానిదే. ఈ సంగతి తెలియక వదిలేసుకునే ప్రమాదం ఉంది.

మూడోది కంపెనీల విలీనం లేదా వ్యాపారం అమ్మకం. దీని గురించి కింద వివరంగా చూద్దాం.

నాలుగోది కోర్టు లేదా కంట్రోలర్ ఆదేశం. హక్కు లేనివారు పేటెంట్ పొందారని తేలినప్పుడు ఇది జరుగుతుంది.

లైసెన్స్ వీటిలోకి రాదు. అది అద్దెకు ఇవ్వడం లాంటిది. యాజమాన్యం మారదు. వాడుకునే అనుమతి మాత్రమే వెళ్తుంది. అయితే ఒక్కరికే ఇచ్చే ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ చాలా బలమైనది. దాన్ని పొందినవారు ఉల్లంఘనలపై సొంతంగా దావా వేయగలరు. ఏకమొత్తంగా డబ్బు తీసుకుని రాసిచ్చేయాలా, లైసెన్స్ ఇచ్చి ఏటా రాయల్టీ తీసుకోవాలా అన్నది ప్రతి చిన్న ఆవిష్కర్తకూ ఎదురయ్యే ప్రశ్న. చేతిలో డబ్బు అవసరం ఉన్నప్పుడు మొదటిదే బాగుందనిపిస్తుంది. పరికరం బాగా అమ్ముడైతే రెండోదే మేలని తర్వాత తెలుస్తుంది.

నోటిమాట చెల్లదు, రిజిస్టర్‌లో ఎక్కాల్సిందే

వస్త్ర మార్కెట్‌లో లక్షల రూపాయల సరుకు నోటిమాట మీద, చిట్టీ మీద చేతులు మారుతుంది. పేటెంట్ విషయంలో ఆ పద్ధతి పనికిరాదు.

అసైన్‌మెంట్ అయినా, తాకట్టు అయినా, లైసెన్స్ అయినా రాతపూర్వకంగా, షరతులన్నీ చేర్చి, సంతకాలతో ఉంటేనే చెల్లుతుందని 68వ సెక్షన్ చెబుతోంది. ఆ పత్రానికి ఆయా రాష్ట్రాల చట్టం ప్రకారం స్టాంపు డ్యూటీ కట్టాలి.

పత్రం రాసుకుంటే సరిపోదు. ఫారం 16తో పేటెంట్ కార్యాలయానికి దరఖాస్తు చేసి, రిజిస్టర్‌లో కొత్త యజమాని పేరు ఎక్కించుకోవాలి. లేకపోతే ఏమవుతుంది? రిజిస్టర్‌లో నమోదు కాని పత్రాన్ని యాజమాన్యానికి సాక్ష్యంగా కంట్రోలర్ గానీ కోర్టు గానీ స్వీకరించరని 69వ సెక్షన్ చెబుతోంది. రాతపూర్వకంగా కారణాలు చూపి కోర్టు వేరేలా ఆదేశిస్తే తప్ప ఇదే నియమం. డబ్బు మొత్తం కట్టి పేటెంట్ కొన్నవారు, రిజిస్టర్ మార్పించుకోకుండా ఉల్లంఘన దావాకు వెళ్తే, అసలు విషయం మొదలవకముందే 'నువ్వు యజమానివేనా' అన్న ప్రశ్న దగ్గర ఇరుక్కోవచ్చు.

పేటెంట్ ఇంకా రాకముందు, దరఖాస్తు దశలోనే హక్కు అమ్మితే దారి వేరు. అప్పుడు ఫారం 6తో దరఖాస్తుదారు పేరు మార్పించుకోవాలి. కంపెనీయే నేరుగా దరఖాస్తు చేస్తే, ఆవిష్కర్త తనకు హక్కు ఇచ్చినట్టు రుజువు చూపాలి. దరఖాస్తుతో ఇవ్వకపోతే ఆ తర్వాత 6 నెలల్లోగా ఇవ్వాలి. ఫారం 1లోనే ఆవిష్కర్త సంతకం చేసే ప్రకటన ఒకటి ఉంటుంది. 'దరఖాస్తుదారు నా అసైనీ' అని అందులో రాసి ఉంటుంది. చాలామంది ఆవిష్కర్తలు తమ హక్కు వదులుకున్నది ఆ ఒక్క సంతకంతోనే.

రుసుముల్లోనూ ఒక లెక్క ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తుకు వ్యక్తులకు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకు 8,000 రూపాయలు. వ్యక్తి పేరిట తక్కువ రుసుముతో దరఖాస్తు వేయించి, తర్వాత పెద్ద కంపెనీకి బదిలీ చేసుకుంటే ఆ తేడా కట్టాల్సిందే.

బోర్డు మీద ఒక పేరు, పేటెంట్ మీద మరో పేరు

సూరత్ వజ్రాల పరిశ్రమలో పనిచేసేవారికి ఇజ్రాయెల్ కంపెనీ సరీన్ టెక్నాలజీస్ తయారు చేసే గెలాక్సీ యంత్రాలు పరిచయమే. ముడి వజ్రం లోపలి మచ్చలు ఎక్కడున్నాయో అవి చూపిస్తాయి. యంత్రం అమ్మేది సరీన్. కానీ ఆ సాంకేతికతతో ముడిపడిన పేటెంట్లు సరీన్ గ్రూపులోని గలతియా అనే అనుబంధ సంస్థకు చెందినవి. సూరత్ సంస్థలతో ఈ గ్రూపుకు వచ్చిన మేధో సంపత్తి వివాదాలు గుజరాత్ కోర్టుల దాకా వెళ్లాయి. యంత్రం మీద ఉన్న పేరూ, పేటెంట్ రిజిస్టర్‌లో ఉన్న పేరూ ఒకటే కానక్కర్లేదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కంపెనీలు చేతులు మారినప్పుడు ఇది మరింత ముఖ్యం. ఒక కంపెనీ షేర్లను మరొకరు కొంటే, పేటెంట్ పాత కంపెనీ పేరిటే ఉంటుంది. ఆ కంపెనీకి యజమాని మాత్రమే మారతారు. కంపెనీ మరో దాంట్లో విలీనమైనా, వ్యాపారాన్ని విడిగా అమ్మినా, పేటెంటీ మారతారు. అప్పుడు ఆ మార్పును రిజిస్టర్‌లో నమోదు చేయించాలి. అమెరికన్ సయనమిడ్ విషయమే చూడండి. 1994లో దాన్ని అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ కొన్నది. 2002లో ఆ కంపెనీ పేరు వైత్ అయింది. 2009లో వైత్‌ను ఫైజర్ కొన్నది. ఆరియోమైసిన్ పేటెంట్ గడువు అంతకు చాలా ముందే ముగిసింది. కానీ ఇలాంటి ప్రతి లావాదేవీలో అప్పటికి బతికి ఉన్న వందల పేటెంట్ల గొలుసు తెగకుండా చూసుకోవాలి.

దివాలా తీసిన కంపెనీకి మిగిలే విలువైన ఆస్తి కొన్నిసార్లు పేటెంట్లే. కెనడా టెలికాం కంపెనీ నోర్టెల్ మూతపడ్డాక, దాని దాదాపు 6 వేల పేటెంట్లు, దరఖాస్తులను 2011లో యాపిల్, మైక్రోసాఫ్ట్ తదితర కంపెనీల బృందం 450 కోట్ల డాలర్లకు వేలంలో దక్కించుకుంది. సూరత్‌లో సాధారణమైన భాగస్వామ్య సంస్థల విషయంలో, భాగస్వాములు విడిపోతే పేటెంట్ ఎవరికి అన్నది ఒప్పంద పత్రంలోనే రాసుకోవడం మంచిది.

నా ఆవిష్కరణకు వేరొకరు పేటెంట్ తీసుకుంటే?

దారులు ఉన్నాయి. గడువులు కూడా ఉన్నాయి.

దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంట్ మంజూరు కాకముందు ఎప్పుడైనా అభ్యంతరం చెప్పవచ్చు. 'ఇది నా దగ్గర నుంచి అక్రమంగా తీసుకున్నది' అన్నది చట్టం గుర్తించిన మొదటి కారణం. మంజూరైన సంగతి ప్రచురితమైన తేదీ నుంచి ఏడాది లోపు మళ్లీ అభ్యంతరం చెప్పవచ్చు. అక్కడ గెలిస్తే, 26వ సెక్షన్ కింద ఆ పేటెంట్‌ను అసలు ఆవిష్కర్త పేరిట మార్చమని కంట్రోలర్ ఆదేశించగలరు. ఏడాది దాటితే హైకోర్టులో రద్దు పిటిషన్ వేయాలి. అక్కడ కూడా 52వ సెక్షన్ కింద అసలు హక్కుదారుకు పేటెంట్ ఇవ్వాలని కోర్టు చెప్పగలదు.

ఇవన్నీ నెగ్గాలంటే ఆధారాలు కావాలి. తేదీలు వేసిన నోట్‌బుక్, నమూనా ఫొటోలు, విడిభాగాలు కొన్న రసీదులు, చూసిన సాక్షులు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆధారం కోసమని వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టకూడదు. దరఖాస్తుకు ముందే బహిరంగమైతే అది కొత్తది కాదన్న కారణంతో పేటెంటే రాకపోవచ్చు.

అసలు యజమాని ఎవరో ఎలా చూడాలి?

దీనికి ఖర్చు లేదు. భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో పేటెంట్ నంబరు లేదా పేరుతో వెతకవచ్చు. అక్కడి ఈ-రిజిస్టర్‌లో ప్రస్తుత పేటెంటీ పేరు, వార్షిక రుసుము ఎప్పటిదాకా కట్టారు, నమోదైన బదిలీలు, లైసెన్సులు ఉంటాయి. గుజరాత్ దరఖాస్తులు ముంబయి కార్యాలయం పరిధిలోకి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌వి చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. రిజిస్టర్‌ను మాత్రం ఎక్కడి నుంచైనా చూడవచ్చు.

రుసుము గడి తప్పకుండా చూడాలి. మూడో ఏడాది నుంచి పేటెంట్‌కు ఏటా రుసుము కట్టాలి. కట్టకపోతే అది రద్దవుతుంది. రద్దయిన నాటి నుంచి 18 నెలల్లోపు పునరుద్ధరణ కోరవచ్చు. ఆ గడువూ దాటితే ఆ ఆవిష్కరణ ఎవరిదీ కాదు, అందరిదీ. పేటెంట్ ఉందని చెప్పి లైసెన్స్ డబ్బులు అడిగేవారు వస్తే, అది బతికి ఉందో లేదో, వారి పేరిటే ఉందో లేదో ముందు చూసుకోవాలి.

సంతకం పెట్టే ముందు

ఇంత చట్టంలోనూ చిన్న ఆవిష్కర్తకు అసలు ప్రమాదం పొంచి ఉన్నది సంతకం దగ్గరే. సూరత్‌లోని తెలుగు కార్మికుడి ముందుకు వచ్చే కాగితం ఇంగ్లిష్‌లోనో గుజరాతీలోనో ఉంటుంది. అతను చదవగలిగింది తెలుగు. కాబట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఈ కాగితంలో నా పేరు ఆవిష్కర్తగా ఉందా, దరఖాస్తుదారుగా కూడా ఉందా? నేను ఇస్తున్నది అసైన్‌మెంటా, లైసెన్సా? నాకు రావాల్సిన డబ్బు ఎంత, ఎప్పుడు అన్నది ఇందులోనే రాసి ఉందా? ఇకముందు నేను చేయబోయే మార్పులు కూడా ఇందులో పోతున్నాయా?

చివరి ప్రశ్నను ఎక్కువమంది మర్చిపోతారు. 'ఇప్పటిదీ, ఇకపై చేసేవీ' అనే మూడు మాటలు చేరితే, రేపు అదే పరికరాన్ని మెరుగుపరిచినా అది కూడా వారిదే అవుతుంది. అర్థమయ్యే భాషలో ఎవరితోనైనా చదివించుకుని, ఒక ప్రతి దగ్గర పెట్టుకున్నాకే సంతకం చేయాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆవిష్కర్తకు చట్టం ఇచ్చే మొదటి హక్కును తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు, పోగొట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు.